నాలుగో నంబరు తొట్టి

నఫ్తలాన్‌లో మా పని పొద్దున ఏడింటికి మొదలు.
కుళాయి తిప్పితే నీళ్ళు రావు.
దానిమ్మ రసం కాచి కాచి దించిన పాకంలా
నల్లగా, సాగుతూ, నేల లోపలి నూనె వస్తుంది.
దీపంలో పోస్తే సరిగా వెలగదట,
బండిలో పోస్తే కదలదట.
ఎందుకూ కొరగాదన్న నూనెలో
ఎవరూ ముట్టుకోని ఒళ్ళు ముంచుతాం.

నా పేరు జెర్నిషాన్.
ఇరవై రెండేళ్ళుగా ఇసుక గడియారం బోర్లించడం నా ఉద్యోగం.
పది నిమిషాలు. పదకొండోది గుండెకు బరువు.
వచ్చినవాళ్ళు మొదటిరోజు ముక్కు మూసుకుంటారు,
రెండోరోజు కళ్ళు మూసుకుంటారు,
మూడోరోజుకి నోరు తెరుస్తారు.

తొట్టిలో చెప్పిన మాట తొట్టిలోనే మునగాలి, అది మా పద్ధతి.
అయినా ఒకామె గురించి చెప్తాను.
పేరు మారుస్తాను లెండి. సుదాబా అనుకోండి.
షెకిలో హల్వా దుకాణం వాళ్ళ కోడలు.
మోచేతుల మీద, మోకాళ్ళ మీద, చెవుల వెనక
వెండి రేకుల్లా పొలుసులు.
అంటుకునే జబ్బు కాదని డాక్టరు కాగితం రాసిచ్చాడు.
దాన్ని ఫ్రేము కట్టించి కొట్లో తగిలించింది.
కాగితం చదివినవాళ్ళు కూడా
చిల్లర బల్లమీద పెట్టమన్నారు.
చివరికి పిండి పళ్ళెం దగ్గర్నించి లేపి
వెనకగదిలో అట్టపెట్టెలకి దారం కట్టమన్నారు.

జూన్ నెల ఎండ.
మెడదాకా బొత్తాలు, మణికట్టుదాకా చేతులు,
ఆవపిండి రంగు చొక్కా.
విప్పమంటే నావైపు చూసింది.
నేను గోడవైపు తిరిగాను.
నూనెలోకి దిగాక తలొక్కటే మిగిలింది.
"ఇందులో అందరిదీ ఒకటే రంగు" అంది,
నవ్వుతూ కాదు.

ఇసుక అయిపోయింది. లేపి నిలబెట్టి
బూట్లు తొడుక్కునే కొమ్ముతో
(అవును, అదే, మాకు వేరే పనిముట్టు లేదు)
భుజం నుంచి కిందికి గీకుతాను,
పెనం మీద అట్టు అంచు లేపినంత మెల్లగా.
వెన్ను దగ్గరికి వచ్చేసరికి వణికింది.
నొప్పా, అన్నాను.
కాదు.
నన్నెవరైనా ముట్టుకుని నాలుగేళ్ళయింది.
నాకేం తోచలేదు. కొమ్ము పక్కన పెట్టి
అరచేత్తో ఒకసారి తుడిచాను.
జీతంలో లేని పని.

సాయంత్రాలు పైఅంతస్తులో శ్వాస పాఠం.
బాకూ నుంచి కొత్తగా వచ్చిన పిల్ల, తుర్కాన్,
చాపలు పరిచి, గొంతు తగ్గించి
"మీ చర్మానికి క్షమాపణ చెప్పుకోండి" అంటుంది.
సుదాబా చెయ్యెత్తింది.
"ముందు అది నాకు చెప్పాలి కదా?"
గదంతా ఊపిరి లెక్క తప్పింది.
మోకాళ్ళ వాతం ముసలాయన
చాప మీంచి లేవలేక పడుకునే నవ్వాడు.
ఆ రోజు పాఠంలో పనిచేసింది అదేనేమో.

మా ఊళ్ళో ఊతకర్రల మ్యూజియం ఉంది.
నడక తిరిగొచ్చినవాళ్ళు వదిలిపోయిన కర్రలు,
గోడల నిండా.
చర్మం బాధ ఉన్నవాళ్ళు ఏం వదిలిపోతారు?
పన్నెండోరోజు, వెళ్ళేముందు,
సుదాబా ఆ చొక్కా ఉతికి, మడతపెట్టి
అక్కడికి పట్టుకెళ్ళింది.
కాపలాదారు రిజిస్టరు రెండుసార్లు తిరగేసి
"బట్టలకి గడి లేదమ్మా" అన్నాడు.

తగ్గిందా అని అడుగుతారు. సగం.
కుడి మోచెయ్యి అలాగే ఉంది.
చలికాలం వస్తే రేకులు మళ్ళీ విచ్చుకుంటాయి,
అది ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.
పొట్టిచేతుల గౌనులో బస్సెక్కింది.
టిక్కెట్టు డబ్బు కండక్టరు
చేతిలోనే పెట్టింది.
అతను చిల్లర ఎలా ఇచ్చాడో
ఇంకో బస్సు అడ్డమొచ్చి నాకు కనబడలేదు.

చొక్కా నా దగ్గరే ఉంది.
మంచి నూలు. నూనె బాగా పీలుస్తుంది.
నాలుగో నంబరు తొట్టి అంచులు
దాంతోనే తుడుస్తాను.