నెర్రె

కేస్‌షీట్ మీద: ఓర్సు ఈదయ్య, డెబ్భై తొమ్మిది.
మర్రిగూడ అవతలి ఊరు. బావులు తవ్వే పని.
బోరింగు గచ్చు మీద జారిపడి ఇవ్వాళ్టికి మూడో రోజు,
కుడి తుంటి విరిగింది.

స్ట్రెచర్ మీంచి బల్ల మీదికి మార్చేటప్పుడు అరవలేదు,
పళ్లు బిగబట్టి గోడ గడియారాన్ని తిట్టాడు.
ఆ పళ్ల మీద గోధుమరంగు చారలు.
నల్లగొండలో పదకొండేళ్లుగా మత్తు ఇస్తున్నదాన్ని,
ఆ చారలు చూస్తే చాలు
వెన్ను ఎట్లుంటుందో నా వేళ్లకు ముందే తెలుస్తుంది.

అయినా కూర్చోబెట్టాం. సుమలత భుజాలు పట్టుకుంది.
పూసకూ పూసకూ మధ్య వేలు దిగాల్సిన చోట
ఎవరో సిమెంటు పూసి పోయినట్టుంది.
మొదటి సూది: రాయి.
ఒక పూస పైకి: రాయి.
పక్కనుంచి వాలుగా: రాయి.
మొన కొక్కెంలా వంగి వచ్చింది.

ఆయన మెడ తిరగదు. గోడకే చెప్పాడు:
"బండకు ఎదురువోతె గడ్డపారే వంగుతది బిడ్డా.
నెర్రె యాడున్నదో సూస్కోవాలె."

పూర్తి మత్తు ఇద్దామంటే
తల వెనక్కి వాలదు, గొట్టానికి దారి లేదు.
దారి దొరికినా, నలభై ఏళ్ల రాతిదుమ్ము తిన్న ఊపిరితిత్తులు
రేపు తమంతట తాము గాలి పీలుస్తాయని
రాసిచ్చేదెవరు?
హైదరాబాద్ పంపుదామా, అన్నాడు సర్జన్.
బయట బామ్మర్ది లింగస్వామి
బొటనవేలి సిరా గోడకు తుడుస్తున్నాడు.
వంద కిలోమీటర్ల రోడ్డు, విరిగిన ఎముక,
ప్రతి గుంతా.
వద్దన్నాను.

గజ్జ దగ్గర చల్లటి జెల్ రాసి ప్రోబ్ ఆనించాను.
బూడిదరంగు తెర. పొర మీద పొర.
కొవ్వు, కండ, కండ మీది తెల్లటి గీత,
అడుగున ఎముక వంపు,
పక్కనే తన పని తాను చేసుకుంటూ కొట్టుకునే ధమని.
తెరను తన దిక్కు తిప్పమన్నాడు. తిప్పాను.
సూది వెలుగు గీతై వాలుగా దిగింది.
మందు వదిలాను.
ఎముకకూ కండకూ నడుమ నల్లగా ఒక సందు
తెరుచుకుంది, సాగింది, నిండింది.

"ఊట వడ్డది," అన్నాడు ఈదయ్య.

సుమలత ఒక్కతే నవ్వింది.

ఇంకో రెండు చోట్ల, తొడ పక్కన, పిరుదు వెనక.
నలభై నాలుగు కిలోల మనిషి.
ప్రతి మిల్లీలీటరూ వేళ్ల మీద లెక్కపెట్టాను:
ఎక్కువైతే గుండెకు తగులుతుంది,
తక్కువైతే ఆయనకు.

ఇరవై నిమిషాలు ఆగాలి. సర్జన్ గ్లౌజులు తొడిగి
చేతులు కట్టుకుని నిలబడ్డాడు.
ఐసు ముక్క ఆనించి అడిగాను, సల్లగుందా?
"ఏంది?" అన్నాడు.
నాకు కావాల్సిన జవాబు అదే.

డ్రిల్లు మోగింది. గట్టి ఎముక, బిట్టు వేడెక్కుతుంటే
సెలైన్ పోస్తూ పోతున్నారు.
కళ్లు మూతపడీ పడకుండా ఉండేంత మందే ఇచ్చాను.
ఆ మోతకు ఆయన కనురెప్ప లేచింది.
"ఎన్ని గజాలు దిగింది?"
"రెండించులు, తాతా," సర్జన్ ఆయనతో మాట్లాడిన మొదటి మాట.
"జర పైలం. ఆ బాయి నీళ్లు తాగకుండ్రి."

డ్రిల్లు ఒక్క క్షణం ఆగింది.
మళ్లీ మోగింది.

రాత్రి తొమ్మిదికి వార్డుకు పోయాను.
ఏ ఊరు, ఏ వారం, నేనెవరు: అన్నీ సరిగ్గా చెప్పాడు.
సుమలతకు పెళ్లయిందా అని కూడా అడిగాడు.
కాలి బొటనవేలు కదిలింది.
"కాలు మల్ల నాదైతున్నది," అన్నాడు,
అది సంతోషమో నొప్పో ముఖంలో తేలలేదు.
మాత్ర ఇప్పించాను.

తిరిగి వస్తుంటే పిలిచాడు.
"ఆ వంగిన సూదిని ఏంజేస్తివి?"
పారేశాం తాతా.
"అయ్యో,
కొలిమి కాడికి పంపకపోతివా."