చివరంకె

తోటపాలెంలో ఒక గోడకి
'ఇల్లు అద్దెకు' అని అట్టముక్క.
ఫోన్ నంబరులో చివరంకెను
వాన నాకేసింది.

అప్పటికి పదకొండిళ్లు చూశాను.
కంటోన్మెంటులో అద్దె, నా జీతంలో సగం.
బాలాజీ నగర్‌లో ఇంటిపేరడిగి, ఊరడిగి,
అయినా అనుమానం తీరక
"నీసు వండుతారా?" అన్నారు.
కోట దగ్గర, ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ అనగానే
తలుపే జవాబు చెప్పింది.

సున్నా నుంచి మొదలెట్టాను.
సున్నా స్విచాఫ్.
ఒకటి నిద్రలోంచి తిట్టింది.
రెండు, గజపతినగరంలో కోళ్లఫారం.
మూడూ నాలుగూ మోగి మోగి ఊరుకున్నాయి.

ఐదు
"ఎవులమ్మా?" అంది.
ఇల్లు వెతుకుతున్నానన్నాను.
రాత్రి డ్యూటీ అనీ ముందే చెప్పేశాను.
"బోర్డయితే మేం పెట్నేదు గానీ
దాసన్నపేటలో మేడమీద గదొకటుంది.
మిల్లు మూసేసినకాడి నుంచీ తాళవేఁ."
అద్దెంతని అడిగితే
చాలాసేపు మాట్లాడలేదు.
వెనక కుక్కరు మూడు కూతలేసింది.
"నువ్వేటి ఇయ్యగలవో సెప్పు.
పగలు ఇంట్లో ఓ మడిసుంటది."

ఇంకా నాలుగంకెలు మిగిలాయి.
ఆ అట్టముక్క ఎవరిదో
ఇప్పటికీ తెలీదు.