మూడు నిమిషాలు

గంట నొక్కడం నా ఉద్యోగం.
ఈ కాలిఫోర్నియా ఊళ్లో ఎవరి గోడైనా
నా ముందు మూడు నిమిషాలే.

బల్ల మీద పర్యావరణ నివేదిక,
నలభై ఇళ్లకి ఏడొందల పేజీలు.
నీడ ఎటు పడుతుందో
గంటగంటకీ బొమ్మలేశారు.

డొరోతియా లేచింది, రిటైరైన సైన్సు టీచరు.
తొలివాన రాత్రి టార్చిలైటు పట్టుకుని
రోడ్డు దాటే సాలమాండర్లని లెక్కపెట్టిందట.
"పందొమ్మిది. ఒకటి టైరు కింద."
ఆ ఒక్కదాని దగ్గర గొంతు పూడుకుపోయింది.
నటన కాదది.
ఆమె కిటికీలోంచి కొండ కనబడుతుందన్నదీ
అబద్ధం కాదు.

తరవాత మారిసెల్. బడి వంటశాలలో పని.
కాగితం తేలేదు.
"తెల్లారి నాలుగింటికి బయల్దేరతాను.
రానూపోనూ నూట నలభై మైళ్లు.
నిద్రొస్తే కారు పక్కకి ఆపుకుంటాను" అంది.
ఇంకేదో అనబోయి కూర్చుంది.
నిమిషమున్నర మిగిలింది.
మిగిలింది ఇంకొకరికి ఇవ్వకూడదని రూలు.

వాయిదా.
మళ్లీ లెక్కపెట్టాలట,
వచ్చే ఏడు, వానలు పడ్డాక.

బయటికొస్తే చినుకులు.
ఆ రోడ్డు మీద కారు బాగా నిదానించాను,
కళ్లు చికిలించి చూస్తూ.
ఏవీ కనబడలేదు.
వెనక ఎవరో
హారన్ మోగిస్తూనే ఉన్నారు.