రోట్లో తల

బొమ్మనహళ్ళిలో అయ్యంగార్ బేకరీ మీద
ఒక రేకుల గది.
రాత్రి ఏడున్నరకు అక్కడ ఇంగ్లీషు మొదలవుతుంది,
కింద దిల్‌పసంద్ కాలుతున్న వాసనతో పాటు.

ప్రెసిల్లా మిస్ బోర్డు మీద రెండు మాటలు రాసింది.
రిజిస్టర్. ఎన్‌రోల్.
"రెండూ ఒకటేనా? రేపు చెప్పండి" అని
బ్యాగులోంచి పాత సాక్సు తీసి
చేతుల సుద్ద తుడుచుకుంది.

రిజిస్టరంటే నాకు తెలుసు.
హిందూపురంలో సెంటున్నర స్థలానికి
మా నాయన వేళ్ళు సిరాలో ముంచొచ్చిన ఆఫీసు.
ఆ రాత్రి ఆయన కలుపుకున్న పప్పన్నంలో కూడా
నీలం కనబడింది.
స్థలం మాత్రం ఇంతవరకూ కనబడలేదు.

ఎన్‌రోల్ కొత్త.
మిషను మీద కాలర్లు కుడుతూ
రోజంతా నోట్లో నానబెట్టాను:
రోల్, రోల్, రోలు.
నాలుగొందల కాలర్లయ్యేసరికి
అది మా అవ్వ రోలే అయిపోయింది,
ఎండుమిరప ఘాటు లోపలికి ఇంకిన నల్లరాయి.
రోట్లో తల పెట్టినాక రోకటిపోటుకు వెరిస్తే ఎట్లా
అనేది అవ్వ.

మర్నాడు లేచి చెప్పాను,
సగం కన్నడం, సగం తెలుగు:
"పేరు పుస్తకంలో పెడితే రిజిస్టర్ మిస్.
తల రోట్లో పెడితే ఎన్‌రోల్."
అందరూ నవ్వారు.
మిస్ నవ్వలేదు. రోలంటే ఏంటని అడిగింది.
పిడికిలితో దంచి చూపించాను.
బెంచీ అదిరి ఎవరి పెన్నో కింద పడింది.

ఆమె హాజరు పుస్తకం తెరిచింది.
మొదటి పేరు ఎర్రిస్వామి.
అంబులెన్సు తోలే మనిషి.
ఫీజంతా ఒకేసారి కట్టాడు,
మెరిసే అట్టల నోటుబుక్కు కొన్నాడు,
ఒక్కనాడూ రాలేదు.
అయినా రోజూ పిలుస్తుంది.
పిలిచి, రోడ్డు మీద సైరన్ ఏదైనా పోతోందా అని
కాసేపు ఆగుతుంది.

"ఈయన ఏమవుతాడు?" అంది నన్ను చూసి.
"పేరొచ్చింది మిస్, మనిషి దారిలో ఉన్నాడు."

పుస్తకం చివరిదాకా చదివింది.
నా పేరు లేదు.
ఆ నెల జీతంలో కోత పడి ఫీజు కట్టలేదు నేను.
వెనక బెంచీలో కూర్చున్నాను,
ఎవరూ లేవమనలేదు,
అట్లా పదకొండు వారాలు.

పెన్ను మూత విప్పింది.
నా వైపు చూసి, మళ్ళీ పెట్టేసింది.
"మరి నువ్వు ఏమవుతావు నాగులమ్మా?"

జవాబు గొంతు దాకా వచ్చింది,
ఇంగ్లీషులోనే వచ్చింది.
ముందర యామ్ పెట్టాలో హ్యావ్ పెట్టాలో తెలీక
అట్లాగే నిలబడ్డాను.
కింద బేకరీవాడు షట్టరు సగం దించాడు.