కరింగీ జాన్

సౌత్ షీల్డ్స్‌లో వాన పడదు,
అడ్డంగా వీస్తుంది.
గొడుగు తిరగబడి చేట అయిపోయింది.
తడిసి ముద్దై శ్మశానం ఆఫీసులో నిలబడితే
డోరీన్ అనే ఆవిడ ముందు తువ్వాలిచ్చింది,
తర్వాతే పేరడిగింది.

కామాడి బంగారయ్య, అన్నాను.
ఊరు కోరంగి. ఓడ బాయిలర్లో బొగ్గు వేసే పని.
ఎక్కింది కాకినాడ రేవులో,
దిగింది ఎక్కడో మాకు తెలీదు.
ఆవిడ ఆ పేరుని రెండుసార్లు నమిలి
రిజిస్టరు తెచ్చింది,
ఉయ్యాల్లో పిల్లని ఎత్తుకొచ్చినట్టు, రెండు చేతులా.

బంగారయ్య లేడు.
తప్పుగా వినడానికి వీలున్న
అక్షరాలన్నిట్లో వెతికాం.
టీ చల్లారింది. మీగడ కట్టింది.
అప్పుడు ఆవిడ గోరు ఒక గీత దగ్గర ఆగింది:
జాన్ కరింగీ. ఓడ కూలీ. ఇండియా వాడు.
వయసు ముప్పై, పక్కన ప్రశ్నార్థకం.
ఊపిరితిత్తులు.

ఎవరు నువ్వు, అని అడిగి ఉంటారు.
ఆయన ఊరు చెప్పి ఉంటాడు.
ఊరే ఇంటిపేరైంది.
జాన్ మాత్రం ఎవరిదో,
ఆ పూటకి ఖాళీగా దొరికిన పేరు.

రాయి లేదు. పేదల గుంట,
ఒకరి మీద ఒకరు ఆరుగురు.
ఆయనకి పైన ఒక చాకలి ముసలమ్మ,
కింద పేరు పెట్టని పసిబిడ్డ.
ఇన్నాళ్లూ ఒంటరిగా ఉన్నాడనుకున్నాం.

మందుల డబ్బాలో కోరంగి ఏటి మట్టి తెచ్చాను.
విమానాశ్రయంలో అడిగితే శీకాయపొడి అన్నాను.
మూత బిగుసుకుపోతే
డోరీన్ తాళంచెవితో తీసింది.
గడ్డి కోసే బండి చక్రం జాడలో
మట్టి పోసి నిలబడ్డాను.
ఏం అనాలో తోచలేదు. ముక్కు కారుతోంది.

చనిపోయింది ఫిబ్రవరి తొమ్మిది,
పందొమ్మిది వందల పదమూడు.
ఫోన్లో పంచాంగం తిప్పితే తిథీ దొరికింది,
మాఘ శుద్ధ చవితి.

తాతమ్మ ముత్యాలు రూపాయంత బొట్టు పెట్టేదట.
ఎవరన్నా గొణిగితే
"కబురొచ్చిందా? రాలేదుగా. అయితే ఉన్నాడు" అనేదట.
పేరంటానికి పిలవకపోయినా వెళ్లి
ముందు వరసలో కూర్చునేదట.
యాభై నాలుగులో పోతే
పసుపు రాసి, పూలు పెట్టి పంపారు.

వేళ్ల మీద లెక్కేశాను. నలభై ఒక్క ఏళ్లు.

ఈ కాగితం ఇంటికెళ్తే
అన్నయ్య తద్దినం మొదలుపెడతాడు,
నువ్వులు, నీళ్లు. మంచిదే.
కాని ఆ నీళ్లు ముందు కడిగేది
తాతమ్మ నుదురునే.

నకలుకి మూడు పౌన్లంది డోరీన్.
పర్సు తీశాను.
చిల్లర లెక్కపెట్టాను.
మళ్లీ లోపల పెట్టుకున్నాను.

ఇంట్లో అడిగితే చెప్పేది
తిరుగు రైల్లో సిద్ధం చేసుకున్నాను:
వాన ఎక్కువ, ఆఫీసు మూసేశారు.

ఒళ్లో డబ్బా.
ఇప్పుడందులో ఇక్కడి మట్టి.
తాతమ్మని పెట్టిన చోటు నాకు తెలుసు.
ఎవరన్నా ఆపితే,
శీకాయపొడి.