సున్నా అంత ఖాళీ

పాత పోస్టాఫీసు దాటాక రెండో మలుపులో
నాలుగంతస్తుల బిల్డింగు.
ఒకప్పుడు ఓడ సరుకుల క్లియరింగ్ ఏజెంట్లది,
తరవాత ఓ చిట్‌ఫండ్ వాళ్ళది,
ఆ తరవాత పావురాలది.
ఇప్పుడు మళ్ల వరహాలరావు గారిది.

"కొత్త లిఫ్టు, కొత్త అద్దాలు, కొత్త వైరింగు.
మిగిలింది మొహం ఒక్కటే,
అది మీరు గీయాలి" అన్నారు
ప్లాను కాగితం మీద టీ గ్లాసు పెట్టి.
గ్లాసు తీశాక మిగిలిన గుండ్రాన్ని
కాసేపు చూస్తూ కూచున్నాను.

మూడు వారాలు.
కెరటం గీశాను. ఈ ఊళ్ళో అందరూ కెరటమే గీస్తారు,
బ్యాంకుకీ బిర్యానీ హోటలుకీ కంటాసుపత్రికీ
ఒకటే కెరటం.
డాల్ఫిన్స్ నోస్ గీశాను:
పడుకున్న గేదెలా ఉందన్నాడు ఆయన తోడల్లుడు.
లంగరు గీస్తే గాలం అన్నాడు.
పదహారు నీలాలు ప్రింటు తీయించి
సముద్రానికెదురుగా పట్టుకుని నిలబడ్డాను.
ఆ పూట సముద్రం బూడిదరంగు.
పదహారూ అబద్ధాలే.

పోలమ్మనడగాలని నాకు తట్టలేదు.
గరికిన పోలమ్మ, చిట్‌ఫండ్ కాలం నుంచీ మెట్లు తుడుస్తోంది.
అంకెలు రావు.
ఒకటో అంతస్తులో గొళ్ళెం ఏడుస్తాది,
రెండులో గోడకి చెవి పెడితే నీళ్ళు,
మూడుకెళ్ళే ముందు ఒక మెట్టు పొట్టిది,
నాలుగులో ఓడ కూత రెండుసార్లు ఇనబడతాది,
ఒకటి ఓడది, ఒకటి గోడది.
నేను ప్రతి అంతస్తుకీ అడుగున్నర ఎత్తు
ఇత్తడి అంకె గీస్తున్నాను.
గొళ్ళెం అప్పటికే మార్చేశారు.

గుమ్మం పైన మేస్త్రి గార చెక్కుతుంటే
సున్నం కింద, డిస్టెంపర్ కింద
అక్షరాలు లేచాయి.
ఓడల అడుక్కి పూసే ఎరుపు, పక్కన నల్ల నీడ.
ముందు పేరు రాలిపోయింది. వెనక పేరూ రాలిపోయింది.
మధ్యలో "అండ్" ఒక్కటీ నిలిచింది.
ఎవరు అండ్ ఎవరో గోడక్కూడా గుర్తులేదు.
డ నెత్తిన పెచ్చు ఊడింది,
పొల్లో తలకట్టో తేలదు.
మేస్త్రి పైకే చదివాడు: "అండ."
"ఎవరికండీ?" అనడిగాడు.

ఆ రాత్రి ట్రేసింగ్ పేపరు మీద ఎత్తుకున్నాను.
సున్నా గుండ్రంగా లేదు,
తాడు మీద వేలాడుతూ రాసినవాడి
మోచెయ్యి జారినంత కుడికి జారింది.
కంప్యూటరు దాన్ని మూడుసార్లు చక్కదిద్దింది.
నాలుగోసారి ఒప్పుకోలేదు నేను.

"సగం మాటేంటండీ, అద్దెకెవడొస్తాడు?"
వంజరం బేరంలా సాగింది.
పైన ఇంగ్లీషు పేరు, మెరిసే స్టీలు, ఆయన మాట.
కింద ఈ ఎరుపు ముక్క, నా మాట.
నాలుగడుగులడిగాను, రెండడుగుల దగ్గర తెగింది.

నియమాల పుస్తకం నేనే రాశాను.
పన్నెండో పేజీ:
గుర్తు చుట్టూ ఒక సున్నా అంత ఖాళీ వదలాలి,
ఆ జాగాలోకి ఏదీ రాకూడదు.
పోలమ్మకి చదివి వినిపించాను.
చీపురు ఆపి
"ఉప్పుగాలికి సెప్పినారేటి?" అంది.

డిసెంబరుకే మేకుల దగ్గర మొదలైంది.
రేవు బొగ్గుపొడి స్టీలు పేరు అంచుల్లో చేరింది.
కిందున్న ఎరుపు పక్కన తుప్పు నడుచుకుంటూ వచ్చి
ఏది ఏదో తెలీకుండా కూచుంది.
వరహాలరావు గారు ఫోన్ చేసి అరిచారు.
అరిచి, అలాగే ఉంచేశారు.

నిన్న మెట్లెక్కుతూ చూశాను:
ఇత్తడి అంకెలన్నీ మసకబారాయి,
నాలుగు కింది కాడ ఒక్కటి మెరుస్తోంది,
పోలమ్మ భుజం ఎత్తులో, ఓ అరచెయ్యంత మేర.
పైన నడవాలో ఆమె తుడుస్తోంది.
రేవులో ఓడ కూసింది.
కొత్త అద్దాలు కదా, ఒక్కసారే.