శాపానికి గడువు

మెల్‌బోర్న్, ఓక్‌లీ స్టేషన్ వెనక వీధి.
కంచెకి అటువైపు స్తవ్రూలా
ఆలివ్ కొమ్మలు కత్తిరిస్తూ చెప్పింది:

వేటగాడు దారి తప్పాడు, అంతే.
పొదల వెనక దేవత స్నానం చేస్తోంది.
కళ్ళు మూసుకునేలోపే
నెత్తిన కొమ్ములు మొలిచాయి.
తన కుక్కల్ని పేరుపేరునా పిలిచాడు,
నోట్లోంచి జింక అరుపు వచ్చింది.

"తప్పేంటి?"
"చూశాడు."
"కావాలని కాదుగా?"
కత్తెర టక్కుమంది.

మావైపు శపించాక
ముని కాస్త చల్లబడతాడు,
కాళ్ళమీద పడితే గడువు చెబుతాడు.
రాయికైనా ఏదో ఒకనాడు ఓ పాదం తగులుతుంది.
అదీ న్యాయమేం కాదు,
ఆ రాయిని అడగాలి.

"మీకు విమోచనం ఉండదా?" అనబోయాను.
నాకు ఇంగ్లీషు దొరకలేదు.
చేతులు తిప్పి చెబితే
ఆవిడకి గ్రీకు దొరకలేదు.

"కుక్కల సంగతి విను" అంది చివరికి.
మూతులకి నెత్తురుతో
అడవంతా వెతికాయట యజమాని కోసం,
ఎంత పెద్ద జింకని పట్టాయో
చూపించడానికి.

ఆవిడ కుక్క ముసలిది, ఒక కంటికి పొర.
కంచె సందులోంచి నా చెయ్యి వాసన చూసింది.
కదలకుండా నిలబడ్డాను,
నేనేనని అది తేల్చుకునేదాకా.